ఆ ఆఖరి కిలోమీటరు: సైకిలోడు టామ్ సింప్సన్ బతుకూ చావూ మన కుర్రోళ్ళకేం చెప్తన్నాయి?

మా ఊరి రావిచెట్టు కాడ ఒకాయన వారం రోజులు కాలు కింద పెట్టకుండా సైకిలు తొక్కాడు. నేనప్పుడు ఆరో తరగతి. తెనాలి, రేపల్లె మధ్య ఊళ్ళల్లో ఆ రోజుల్లో ఇట్టాంటి సైకిలు ఆటలు బాగా నడిచేయి. నీళ్ళు పోసుకోటం, అన్నం తినటం, గడ్డం గీసుకోటం అన్నీ సైకిలు మీదే. రాత్రయితే ట్యూబులైట్లు, మైకులో పాటలు, రికార్డింగ్ డాన్సులు. జనం ఆయన చొక్కాకి రూపాయి నోట్లు పిన్నీసుతో గుచ్చేవాళ్ళు.

నాలుగో రోజుకి ఆయన కళ్ళు చింతనిప్పుల్లా అయిపోయినయ్. ఆయన్ని తిప్పే మేనేజరు నన్ను పిలిచి, చిల్లర చేతిలో పెట్టి, మందుల షాపుకి చీటీ ఇచ్చి పంపాడు. నిద్ర రాకుండా ఉండే బిళ్ళలంట. నేను పరుగున పోయి తెచ్చా. అంత పెద్ద వీరుడికి సాయం చేశానని వారం రోజులు బళ్ళో చెప్పుకున్నా. ఏడో రోజు పూలదండలేసి ఆయన్ని దించితే ఆ మనిషి నిలబడలేకపోయాడు. ఇద్దరు చంకల కింద చేతులేసి మోసుకుపోయారు. మూడు రోజులు తిరక్కముందే పక్కూళ్ళో మళ్ళీ అదే ఆట పెట్టారని తెలిసింది.

ఇన్నేళ్ళకి ఈ సంగతి ఎందుకు తీశానంటే, పోయిన నెల బాపట్ల వైపు నుంచి ఒక తమ్ముడు ఫోను చేశాడు. డిగ్రీ అయింది. వాళ్ళ నాయిన కౌలు రైతు. కానిస్టేబుల్ ఈవెంట్లకి తయారవుతున్నాడు. 1600 మీటర్ల పరుగులో చివరి చుట్టు వచ్చేసరికి కాళ్ళు లేవట్లేదంట. జిమ్ములో ఎవడో ఒక సూది సంగతి చెప్పాడంట. అది వేసుకుంటే అలుపే తెలవదంట. అందరూ వేసుకుంటన్నారు, నేనూ వేసుకోనా అన్నా అని అడిగాడు. నేను వద్దన్నా. ఎందుకు వద్దో ఫోనులో సరిగ్గా చెప్పలేకపోయా. తమ్ముడూ, నీకు చెప్పాల్సిన జవాబు ఒక మనిషి బతుకులో ఉంది. కాస్త ఓపిగ్గా చదువు.

ఆ మనిషి పేరు టామ్ సింప్సన్. 1937 నవంబర్ 30న ఇంగ్లాండులో, డర్హమ్ జిల్లాలో హాస్‌వెల్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి బొగ్గుగని కార్మికుడు. ఆరుగురు పిల్లల్లో టామ్ ఆఖరోడు. మన సింగరేణి కార్మికుల ఇళ్ళు చూసినోళ్ళకి ఆ ఇల్లు ఎట్టా ఉంటదో వేరే చెప్పక్కర్లేదు. టామ్‌కి పన్నెండో ఏడు వచ్చే కాలానికి ఆ కుటుంబం నాటింగ్‌హామ్‌షైర్‌లోని హార్వర్త్ అనే మరో గని ఊరికి మారింది.

అక్కడ పిల్లోడికి సైకిలు పిచ్చి పట్టుకుంది. మొదట తొక్కింది సొంత సైకిలు కాదు, బావది. మంచి రేసు సైకిలు కొనుక్కోటానికి సైకిలు మీదే కిరాణా సరుకులు ఇంటింటికీ చేరవేసే పని చేశాడు. ఊరి సైకిలు క్లబ్బులో చేరితే పెద్దోళ్ళు వీడి బక్క ఒళ్ళు చూసి నవ్వారు. అప్పట్లో ఇటలీవోడు ఫౌస్టో కొప్పి అంటే సైకిలు లోకానికి దేవుడు. వీణ్ణి పాతిక కిలోల కొప్పి అని ఎగతాళి చేసేవాళ్ళు. చదువయ్యాక ఒక ఇంజినీరింగ్ కంపెనీలో డ్రాయింగులు గీసే పనిలో అప్రెంటిస్‌గా చేరాడు. పని నుంచి వచ్చి సైకిలు ఎక్కేవాడు.

19 ఏళ్ళకి 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో టీమ్ పర్స్యూట్‌లో కాంస్యం తెచ్చాడు. 1958లో కార్డిఫ్ ఆటల్లో వెండి. అయినా కూడు పెట్టే సైకిలు పందేలు ఇంగ్లాండులో లేవు. అవి ఫ్రాన్సు, బెల్జియం, ఇటలీల్లో ఉన్నాయి. 1959లో దాచుకున్న వంద పౌన్లు, రెండు సైకిళ్ళు పట్టుకుని ఫ్రాన్సులో సాన్ బ్రియూ అనే ఊరికి పోయాడు. భాష సరిగ్గా రాదు, తెలిసినోళ్ళు తక్కువ. మనోళ్ళు వీసా పట్టుకుని గల్ఫ్ పోయినట్టే అనుకోండి. ఆ ఏడాది తిరక్కముందే ప్రొఫెషనల్ జట్టులో జీతానికి కుదిరాడు.

1960లో మొదటిసారి టూర్ ద ఫ్రాన్స్ తొక్కాడు. టూర్ అంటే ఏందో తెలియనోళ్ళకి రెండు ముక్కలు. మూడు వారాలు, రోజుకో పందెం. ఎండైనా, వానైనా, కొండైనా రోజూ వందా రెండొందల కిలోమీటర్లు తొక్కాలి. అందరి రోజుల టైమూ కూడి ఎవరిది తక్కువైతే వాడే గెలిచినట్టు. ముందున్నోడు పచ్చ చొక్కా తొడుక్కుంటాడు, అంటే పసుపు రంగు చొక్కా. ఆ మొదటి టూర్‌లో మనోడు 29వ స్థానంలో వచ్చాడు. దిగేసరికి ఎముకల గూడైపోయాడు.

ఆ తర్వాత ఇంక ఆగలా. 1961లో బెల్జియంలో టూర్ ఆఫ్ ఫ్లాండర్స్ గెలిచాడు. 1962 టూర్‌లో ఒక్కరోజైనా పసుపు చొక్కా తొడిగాడు. బ్రిటన్ వాడు దాన్ని తొడగటం అదే మొదలు. ఆ ఏడు మొత్తమ్మీద ఆరోవాడిగా ముగించాడు. 1964లో మిలాన్ నుంచి సాన్‌రెమో పందెం. 1965 సెప్టెంబర్‌లో స్పెయిన్‌లోని సాన్ సెబాస్టియన్‌లో జర్మనీవోడు రూడీ ఆల్టిగ్‌ని చివరి ఉరుకులో వెనక్కి నెట్టి ప్రపంచ విజేత అయ్యాడు. ఆ నెల తర్వాత ఇటలీలో లొంబార్డీ పందెం కూడా గెలిచాడు. ఏడాది చివర్లో బీబీసీ వాళ్ళు దేశంలో మేటి క్రీడాకారుడు ఇతనేనని ప్రకటించారు. బొగ్గుగని కార్మికుడి కొడుక్కి ఫ్రెంచి పత్రికలోళ్ళు దొరల టోపీ పెట్టి, చేతిలో గొడుగు పెట్టి ఫొటోలు తీసేవాళ్ళు. మేజర్ అని పేరు పెట్టారు. మనోడు నవ్వుతా ఆ వేషం వేసేవాడు. వేషం కూడా ఆ బేరంలో భాగమే.

ఇక్కడ ఆగి డబ్బు సంగతి చూద్దాం. మనకి పేపర్లో కప్పు కనపడుద్ది, దాని వెనక లెక్కల పుస్తకం కనపడదు. అప్పటి సైకిలోళ్ళకి నెల జీతం పెద్దగా ఉండేది కాదు. టూర్ అయ్యాక ఊరూరా తిరణాళ్ళలాగా చిన్న పందేలు పెట్టేవాళ్ళు. వాటికి పిలిపించుకున్నోడికి రోజుకింత అని ముట్టేది. ఎవరిని పిలవాలో, ఎంతివ్వాలో ఏజెంట్లు తేల్చేవాళ్ళు. టూర్‌లో పేరొస్తే ధర పెరుగుద్ది. వెనకబడితే పిలుపే ఉండదు. అంటే మూడు వారాల్లో నీ కాళ్ళు చేసిన పనికి ఏడాది కూడు కట్టి ఉంటది. సంక్రాంతి పందెంలో ఎడ్లకి ఒక్క పరుగుతో లక్షల రేటు పలికినట్టు, మనిషికి రేటు కట్టారు.

1966 జనవరిలో మంచు మీద జారే ఆటలో కాలు విరిగింది. ప్రపంచ విజేత చొక్కా తొడిగిన ఏడాది కొంత కాలం పందేలకి దూరంగానే పోయింది. ఆ ఏడు టూర్‌లోనూ పడి దెబ్బలు తగిలి మధ్యలో దిగిపోయాడు. 1967 వచ్చేసరికి అతనికి 29 ఏళ్ళు. పెళ్ళాం, ఇద్దరు చిన్న ఆడపిల్లలు. కార్సికా దీవిలో ఇల్లు కట్టుకుంటన్నాడు. సైకిలోడికి 29 అంటే సాయంత్రం కింద లెక్క. వచ్చే ఏడాదికి మంచి రేటుతో ఇటలీ జట్టులోకి పోవాలని చూస్తన్నాడు. దానికి ఈ టూర్‌లో ముందు స్థానాల్లో ఉండాలి, లేకపోతే పసుపు చొక్కా తొడగాలి. ఏజెంటు ఒత్తిడి ఒక పక్క, తన లెక్కలు ఒక పక్క.

మరి మందు యాడ నుంచి వచ్చింది? ఇది సింప్సన్‌తో మొదలవ్వలా. పెద్దోళ్ళు మా కాలంలో ఇట్టాంటియ్యి లేవంటారు గాని, కోడి రామ్మూర్తి నాయుడు విజయనగరంలో కండలు పెంచుతున్న కాలంలోనే, 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్ మారథాన్‌లో థామస్ హిక్స్ అనేవాడికి దారి పొడుగునా స్ట్రిక్నిన్ కలిపిన కోడిగుడ్డు సొన, బ్రాందీ పట్టించారు. స్ట్రిక్నిన్ అంటే ఎలకల్ని చంపే మందు. వాడు గెలిచాడు, చావు అంచు దాకా పోయి వచ్చాడు. ఆ మందు ఇచ్చింది ఎవరు? వాడి వెంట ఉన్న కోచులే. అంతకు ముందు యూరప్‌లో, అమెరికాలో ఆరు రోజులు ఏకధాటిగా తొక్కే సైకిలు పందేలు ఉండేయి. మా రావిచెట్టు ఆటకి అవి పెద్దన్నలు. నిద్రని చంపే మందులు సైకిలు ఆటకి అక్కడే అలవాటయినయ్.

1924 టూర్‌లో పెలిసియే అన్నదమ్ములు పందెం మధ్యలో దిగిపోయి, ఆల్బేర్ లోంద్ర్ అనే విలేఖరి ముందు తమ సంచులు బోర్లించారు. కంట్లో వేసుకునే కొకైన్, చిగుళ్ళకి క్లోరోఫామ్, రకరకాల బిళ్ళలు. ఈ పని చెయ్యాలంటే ఇవి లేకుండా కుదరదని చూపించారు. నలభై మూడేళ్ళ ముందే కూలోళ్ళు తమ పని ఎట్టా ఉందో సంచి విప్పి చూపించారన్నమాట. ఎవరూ పని మార్చలా. పందేలు తగ్గలా, కొండలు తగ్గలా.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, జర్మన్ సైన్యాలు సైనికులకి నిద్ర రాకుండా ఆంఫెటమైన్ జాతి బిళ్ళలు పంచాయి. యుద్ధం అయిపోయింది, బిళ్ళలు మిగిలినయ్. అవి సైకిలోళ్ళ జేబుల్లోకి వచ్చినయ్. కొప్పి లాంటి దేవుడు కూడా వాడినట్టు ఒప్పుకున్నాడు. జాక్ ఆంకెతిల్ అనే ఐదు టూర్‌ల విజేతయితే దాచుకోకుండా వాదించేవాడు. మంచినీళ్ళు తాగి ఇంత దూరం తొక్కలేమని ఆయన వాదన.

ఇప్పుడు అసలు విషయం. ఆ బిళ్ళ ఏం చేస్తది? బలం ఇస్తదని అందరూ అనుకుంటారు. బలం ఇచ్చేది తిండి, నిద్ర, రోజూ చేసే సాధన. ఈ మందు చేసేది వేరే. మన ఒంట్లో ఒక గంట ఉంటది. గుండె హద్దు దాటుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా, నీళ్ళు అయిపోతున్నా ఆ గంట మోగుద్ది. దాన్నే మనం అలుపు అంటాం. ఈ మందు ఆ గంట తాడు కోస్తది. పైగా గుండెని ఇంకా జోరుగా కొట్టిస్తది, ఒంట్లో వేడి పెంచుతది. ఇంజను వేడెక్కిందని చెప్పే ఎర్ర లైటు తీగ పీకేసి, యాక్సిలేటరు తొక్కినట్టు. బండి కొంచెం దూరం బాగానే పోద్ది.

ప్రభుత్వాలు ఊరికే చూస్తా కూర్చోలా. 1955 టూర్‌లో మాంట్ వాంటూ అనే కొండ మీద ఫ్రాన్సువోడు జాన్ మలెజాక్ స్పృహ తప్పి పడ్డాడు. బతికాడు. టూర్ డాక్టరు పియర్ డ్యూమా అప్పటి నుంచి ఈ మందుల మీద పోరు మొదలెట్టాడు. 1965లో ఫ్రాన్సు ఆటల్లో మందులు నేరమని చట్టం చేసింది. 1966 టూర్‌లో బోర్డోలో రాత్రి పూట హోటలు గదులకి వచ్చి మూత్రం పరీక్షలు చేశారు. తెల్లారి రైడర్లంతా దారిలో సైకిళ్ళు దిగి, నడుస్తా నిరసన తెలిపారు. సమ్మె అన్నమాట.

నేను సమ్మెల పక్షం మనిషిని. ఆ సమ్మె గురించి చదివినప్పుడు చాలాసేపు ఆలోచించా. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. కొండలు పెంచేది మీరు, నీళ్ళు కొలిచేది మీరు, రాత్రి గదిలోకొచ్చి మా ఉచ్చ అడిగేది మీరు. గాని వాళ్ళు అడిగింది తప్పు. దూరం తగ్గించమని, నీళ్ళివ్వమని, జీతం పెంచమని అడగాల్సినోళ్ళు, మమ్మల్ని చూడొద్దని అడిగారు. అంటే తమని చంపే హక్కుని తామే కాపాడుకున్నారు. మరుసటేడే ఆ బాకీ ఒకడి మీద పడింది.

1967 జులై. ఆ ఏడు టూర్ కంపెనీ జట్లతో కాక దేశాల జట్లతో నడిచింది. సింప్సన్ బ్రిటన్ జట్టు నాయకుడు. మొదట్లో బాగానే తొక్కాడు. ఆల్ప్స్ కొండలకొచ్చేసరికి కడుపునొప్పి, విరేచనాలు పట్టుకున్నయ్. తిన్నది నిలవలా. ఆగమని చెప్పినోళ్ళు ఉన్నారు. ఆగితే రేటు పోద్ది.

జులై 13. మార్సెయ్ నుంచి కార్పాంత్రా దాకా 210 కిలోమీటర్ల పైన. మధ్యలో అదే మాంట్ వాంటూ. దాని ఎత్తు 1,900 మీటర్ల పైన. మన రాష్ట్రం మొత్తంలో అంత ఎత్తు కొండ లేదు.  ఎక్కుడు 21 కిలోమీటర్లు. పై భాగం అంతా చెట్టూ చేమా లేని తెల్లటి సున్నపురాయి, పెనం లాగా కాలుద్ది. ఆ రోజు ఎండ 40 డిగ్రీలు దాటింది. రోహిణి కార్తెలో మధ్యాన్నం మన రేపల్లె రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ తెలుసుగా, ఆ ఎండలో కొండెక్కటం.

నీళ్ళ సంగతి వింటే ఒళ్ళు మండుద్ది. అప్పటి రూలు ప్రకారం ఒక్కో రైడరుకి రోజుకి నాలుగు సీసాలు, దాదాపు రెండు లీటర్లు. వెంట వచ్చే కార్ల నుంచి నీళ్ళు అందుకోకూడదు. మిరప కోతకెళ్ళే మన ఆడోళ్ళు అంతకంటే ఎక్కువ నీళ్ళు తాగుతారు. అందుకే రైడర్లు దారిలో హోటళ్ళ మీద పడి, దొరికిన సీసా లాక్కుపోయేవాళ్ళు. నీళ్ళా, బీరా, బ్రాందీనా అని చూసే తీరిక ఉండదు. ఆ రోజు కొండ మొదట్లో సింప్సన్ గొంతులో పడింది బ్రాందీ. అప్పటికే ఒంట్లో బిళ్ళ ఉంది. ఒంట్లో నీళ్ళు లేవు. కడుపులో తిండి లేదు. ఆ పొద్దున డాక్టర్ డ్యూమా విలేఖరులతో, ఈ ఎండకి మందు తోడైతే ఇవాళ మనిషి పోయినా పోతాడని అన్నాడని చెప్తారు.

కొండ పైభాగంలో సింప్సన్ ముందు గుంపు నుంచి వెనకబడ్డాడు. సైకిలు రోడ్డుకి అటూ ఇటూ వంకరలు తిరగటం మొదలెట్టింది. పై కొసకి కిలోమీటరు పైన ఉందనగా పడ్డాడు. మెకానిక్ హ్యారీ హాల్ పరిగెత్తుకొచ్చి ఇంక చాలన్నాడు. సింప్సన్ ఒప్పుకోలా. మళ్ళీ ఎక్కించమన్నాడు. ఎక్కించారు. ఇంకో అర కిలోమీటరు పోయాడు. ఈసారి జనం పట్టుకునేసరికి స్పృహ లేదు. హ్యాండిలు పట్టుకున్న వేళ్ళు బిగుసుకుపోయి ఉంటే ఒక్కొక్కటీ విప్పాల్సొచ్చింది.

డ్యూమా వచ్చి నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాడు, ఆక్సిజన్ పెట్టాడు. హెలికాప్టర్లో ఆవిన్యాన్ ఆసుపత్రికి తీసుకుపోయారు. సాయంత్రం 5:40కి చనిపోయాడని ప్రకటించారు. చొక్కా వెనక జేబులో మూడు గొట్టాలు దొరికినయ్. రెండు ఖాళీ, ఒకటి సగం. ఆంఫెటమైన్. శవపరీక్షలో ఆ మందూ, మద్యమూ రెండూ కనపడినయ్. ఎండ, అలుపు, మందు, మద్యం, దాహం, అన్నీ కలిసి గుండెని ఆపేసినయ్.

మరుసటి రోజు పందెం ఆగలా. తోటి రైడర్లంతా కలిసి, బ్రిటన్ జట్టువోడైన బ్యారీ హోబన్‌ని ముందు పోనిచ్చి గెలిపించారు. అదీ వాళ్ళ నివాళి. హార్వర్త్‌లో అంత్యక్రియలకి వేల మంది వచ్చారు. తర్వాత మహా విజేత అయిన ఎడ్డీ మెర్క్స్ అప్పటికి సింప్సన్ జట్టులో కుర్రోడు, అతనూ వచ్చాడు. పడిపోయిన చోట 1968లో రాతి గుర్తు పెట్టారు. ఇప్పటికీ కొండెక్కిన సైకిలోళ్ళు దాని కాడ ఆగి నీళ్ళ సీసాలు పెట్టిపోతారు. బతికినప్పుడు దొరకని నీళ్ళు.

ఆ చావు తర్వాతే లోకం కదిలింది. అదే 1967లో ఒలింపిక్ సంఘం వైద్య కమిషన్ పెట్టింది. 1968 ఆటల్లో పరీక్షలు మొదలైనయ్. మెక్సికోలో మొదట దొరికిందెవరో తెలుసా? స్వీడన్‌వోడు, తుపాకీ గురి పెట్టే ముందు బీరు తాగాడు. పెద్ద మందులకి పరీక్ష కనిపెట్టేసరికి ఏళ్ళు పట్టింది. స్టెరాయిడ్లకి ఒలింపిక్స్‌లో పరీక్ష 1976లో గాని రాలా. రక్తాన్ని చిక్కబరిచే ఈపీఓ అనే మందుకి 2000లో వచ్చింది. 1999 నుంచి 2005 దాకా ఏడు టూర్‌లు గెలిచిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ వందల పరీక్షలు దాటుకున్నాడు. అతని పతకాలు ఊడింది 2012లో, అదీ తోటోళ్ళు నోరు విప్పాక. డాక్టర్లూ, డబ్బూ ఉన్నోడికి పరీక్ష దాటే దారి దొరుకుద్ది. జిమ్ములో సూది కొనుక్కున్నోడికి దొరకదు.

మన దేశం సంగతికొద్దాం. నాడా అనే మందుల నిరోధక సంస్థ 2005లో పుట్టింది. 2022లో దానికి చట్టం వచ్చింది. పరీక్ష ఎట్టా ఉంటదంటే, అధికారి కళ్ళ ముందే మూత్రం పొయ్యాలి. దాన్ని రెండు సీసాల్లో పోసి సీలు వేస్తారు. మొదటి సీసాలో దొరికితే, రెండోది తెరిపించుకునే హక్కు ఆటగాడిది. దొరికిన మందు నీ ఒంట్లోకి ఎట్టా వచ్చిందన్నా బాధ్యత నీదే. కోచ్ ఇచ్చాడన్నా, పౌడర్ డబ్బాలో కలిసిందన్నా ముందు నువ్వే నిందితుడివి. 2023లో మన దేశంలో 5,606 నమూనాలు పరీక్షిస్తే 213 దొరికినయ్. వందకి నాలుగు దగ్గర. ఐదు వేల పైన పరీక్షలు చేసిన దేశాల్లో ఆ శాతం మనదే ఎక్కువ. అదే ఏడు సెప్టెంబర్‌లో ఢిల్లీ రాష్ట్ర పోటీలకి పరీక్షలోళ్ళు వచ్చారని తెలిసి కుర్రోళ్ళు మాయమయ్యారు. వంద మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరిగెత్తాడు. బాత్‌రూముల్లో వాడిన సూదులు పడున్నయ్.

వాళ్ళెవరూ కోటీశ్వరులు కావాలని పరిగెత్తలా. ఒక సర్టిఫికెట్టు, స్పోర్ట్స్ కోటాలో ఒక ఉద్యోగం. మన కుర్రోళ్ళ కానిస్టేబుల్ పరుగు కూడా అంతే. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఉద్యోగాలకి గంటలో పది కిలోమీటర్ల పరుగు పెట్టారు. ఆగస్టు, సెప్టెంబర్ ఉక్కలో పది మందికి పైగా కుర్రోళ్ళు చచ్చిపోయారు. మందులు వాడారేమోనని అనుమానాలు వచ్చినయ్, ఎండ అన్నారు, ఏర్పాట్లు లేవన్నారు. నాకు మాత్రం వాంటూ కొండే కనపడింది. ఒక ఉద్యోగం, ఒక గడియారం, ఒక ఎండ, ఆగలేని ఒక బీదోడు.

తమ్ముడూ, నీకు జిమ్ములో చెప్పిన సూది పేరు నువ్వు నాకు చెప్పావు. మెఫెంటర్మిన్. అది ఆపరేషన్ థియేటర్లో మత్తు ఇచ్చినప్పుడు పడిపోయిన బీపీని పైకి లేపటానికి డాక్టరు వాడే మందు. దాని జాతి ఏందో తెలుసా? ఆంఫెటమైన్‌కి చుట్టమే. సింప్సన్ జేబులో ఉన్నదానికి తోబుట్టువు. యాభై ఏళ్ళు దాటి, సముద్రాలు దాటి, అదే సరుకు మన బాపట్ల కుర్రోడి కాడికి వచ్చింది. పరుగులో నీ చివరి చుట్టులో కాళ్ళు లేవట్లేదంటే నీ ఒళ్ళు నీతో మాట్లాడతంది. నిద్ర చాల్లేదంటది, తిండి చాల్లేదంటది, ఇంకో రెండు నెలల సాధన కావాలంటది. ఆ మాట చేదుగానే ఉంటది. గాని అది నీ పక్షం మాట. సూది అమ్మేవోడిది నీ పక్షం కాదు.

నేను నీకు నీతులు చెప్పట్లా. సింప్సన్‌ని దొంగ అని తేల్చటం తేలిక. ఆ బిళ్ళలు అతనే వేసుకున్నాడు, ఆ బాధ్యత అతనిదే. గాని నీళ్ళు కొలిచినోడు, కొండ పెట్టినోడు, రేటు కట్టినోడు, మళ్ళీ ఎక్కించినోళ్ళు, రోడ్డు పక్కన చప్పట్లు కొట్టినోళ్ళు అందరూ ఇంటికి పోయారు. అతనొక్కడే పోలేదు. నీకేమైనా అయినా అంతే. జిమ్మువోడు షట్టరు వేసుకుంటాడు. నియామక బోర్డు తర్వాత నంబరు పిలుస్తది. మీ నాయిన మాత్రం కౌలు చేలో కూలబడతాడు.

అందుకని మనం అడగాల్సింది వేరే. డాక్టరు చీటీ లేకుండా ఆపరేషన్ మందులు జిమ్ముల్లోకి ఎట్టా వస్తన్నాయో మందుల తనిఖీ అధికారుల్ని అడగాలి. ఈవెంట్లు ఎండెక్కకముందే ముగించమని, మైదానంలో నీళ్ళూ, అంబులెన్సూ, డాక్టరూ ఉంచమని నియామక బోర్డుని అడగాలి. తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో కుర్రోళ్ళు ఉచితంగా పరిగెత్తే మైదానం, దానికో చదువుకున్న కోచ్ కావాలని అడగాలి. 1966లో ఆ రైడర్లు అడగకుండా వదిలేసినవి ఇట్టాంటివే.

ఇంకో మాట, ఇది నా గురించి. ఆ రోజు రావిచెట్టు కాడ సైకిలాయనకి బిళ్ళలు తెచ్చిచ్చిన చెయ్యి నాది. ఆయన ఎవరో, యాడోడో, ఏమయ్యాడో ఇన్నేళ్ళలో నేనెప్పుడూ వెతకలా. చప్పట్లు కొట్టినోళ్ళలో నేనూ ఒకణ్ణి. తమ్ముడూ, రేపు మీ జిమ్ములో పక్కోడు చిల్లరిచ్చి షాపుకి పోయి రమ్మంటే, పోబాక. వాడి పక్కన కూర్చుని ఈ కొండ కథ చెప్పు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పొద్దున్నే ఇంకో చుట్టు పరిగెత్తండి. అలుపొస్తే ఆగండి.